చెయ్యి దూరని చోట పగులు: కర్నూలు షెడ్డులో వింగ్ బాక్స్ డైరీ

ఏప్రిల్, రెండో వారం

ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అని ప్రభుత్వం ప్రకటించినప్పటి నుంచి మా కల్లూరు ఎస్టేట్ షెడ్డుకి వచ్చే ఇంజినీరింగ్ పిల్లలందరిదీ ఒకటే మాట, "సార్, డ్రోన్ చేద్దాం". ఈసారి ఫైనలియర్ వాళ్ళు ముగ్గురొచ్చారు. డ్రోన్ వద్దు, దాని రెక్కలో ఒక ముక్క చేద్దాం అన్నాను. మొహాలు వాడిపోయాయి. ఆ ముక్కలో మనమే దొంగతనంగా లోపాలు పెట్టి, వేరేవాళ్ళ చేత వెతికిద్దాం అనేసరికి మళ్ళీ హుషారొచ్చింది.

పని ఇదీ. పొడవు 900, వెడల్పు 350, ఎత్తు 120 మిల్లీమీటర్ల రెక్క పెట్టెలు రెండు చేయాలి. ముందూ వెనకా స్పార్‌లు (రెక్క పొడవునా పోయే దూలాలు), మధ్యలో రిబ్‌లు (అడ్డంగా నిలబెట్టే పలకలు), కింద 1.6 మి.మీ. అల్యూమినియం స్కిన్, అంటే పై తొడుగు (2024-టీ3 అనే మిశ్రమలోహం), పైన పది పొరల కార్బన్ స్కిన్. మొదటి పెట్టె పేరు 'ఏ'. బరువు తక్కువ, బలం ఎక్కువ అనే లెక్క ఒక్కటే పెట్టుకుని గీసింది. రెండోది 'బి'. అదే బలంతో, తనిఖీ చేసేవాడికి పని సులువయ్యేలా మళ్ళీ గీయాల్సింది. లోపాలు మాత్రం రెండింట్లోనూ ఒకే రకంవి పెడతాం.

ఇదెందుకని పిల్లలు అడిగితే లుసాకా సంగతి చెప్పాను. 1977 మే 14న జాంబియాలోని లుసాకాలో దిగబోతున్న బోయింగ్ 707 కార్గో విమానానికి తోక దగ్గరి అడ్డరెక్క కుడివైపు భాగం గాల్లోనే ఊడిపోయింది. అందులో ఉన్న ఆరుగురూ చనిపోయారు. ఆ స్పార్‌ని ఫెయిల్-సేఫ్ పద్ధతిలో డిజైన్ చేశారు. అంటే ఒక సభ్యం (బరువు మోసే ముక్క) విరిగినా పక్కది బరువు మోయాలి. అది మోసింది కూడా. కానీ మొదటిది పగిలిన సంగతి ఎవరి కంటా పడలేదు. తనిఖీ పద్ధతి ఆ పగులును పట్టేలా లేదు. రెండో సభ్యం ఎంతకాలమని ఒంటరిగా మోస్తుంది? ఆ మరుసటి ఏడాది, 1978లో, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ రవాణా విమానాల నియమం 25.571ని మార్చి డ్యామేజ్ టాలరెన్స్ తప్పనిసరి చేసింది. పగులు పుడుతుందనే అనుకో, అది ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క కట్టు, ప్రమాదకరమైన పొడవుకి చేరేలోపే దొరికేలా తనిఖీ గడువు పెట్టు. టూకీగా అదీ నియమం. మామూలుగా, పగులు కనిపించే సైజుకి వచ్చినప్పటి నుంచి ప్రమాదకరమైన సైజుకి చేరేదాకా కనీసం రెండు తనిఖీలు పడేలా చూస్తారు. ఒకసారి తప్పినా ఇంకోసారి దొరకాలి కదా.

ఈ లెక్కంతా "కనిపించే సైజు" అన్న మాట మీద నిలబడింది. ఆ సైజు ఎంతన్నది పరికరం ఒక్కటే తేల్చదు. డ్రాయింగు గీసినవాడు అక్కడ చెయ్యి పట్టే చోటు వదిలాడా లేదా అన్నది కూడా తేలుస్తుంది.

మే, మొదటి వారం

'ఏ' పెట్టె మొదలు. మే నెలలో కర్నూల్లో రేకుల షెడ్డు కింద ఎపాక్సీ (కార్బన్ పొరల్ని అంటించే రెసిన్) పని అంటే టెన్షనే. డబ్బా మీద రాసిన పాట్ లైఫ్ (కలిపాక గట్టిపడేదాకా ఉండే టైము) 25 డిగ్రీలకి. ఇక్కడ మధ్యాహ్నం కలిపితే కప్పులోనే పొగలొచ్చి గట్టిపడిపోతుంది. అందుకని తెల్లారకముందే కార్బన్ పొరలు వేయడం, పొద్దెక్కేసరికి వాక్యూమ్ బ్యాగ్ మూసేయడం. తర్వాత అందరం ఉగ్గాని, బజ్జీలకి.

పొరల మధ్య లోపాల కోసం సన్నని టెఫ్లాన్ ఫిల్మ్‌ని గుండ్రంగా కత్తిరించి పెట్టాం. కొన్ని 6 మి.మీ., కొన్ని 12. ఎపాక్సీ టెఫ్లాన్‌కి అంటదు కాబట్టి అక్కడ పొరలు విడిపోయినట్టే ఉంటుంది. లోకమంతా వాడే పద్ధతే ఇది.

లోహంలో పగులు పెట్టడం అంత తేలిక కాదు. పాతబస్తీలో నగల పని చేసే ఒకాయన దగ్గర వెంట్రుకంత రంపపు బ్లేడు తెచ్చి రివెట్ రంధ్రం అంచున చిన్న కోత పెట్టాం. అయితే కోత కోతే, పగులు పగులే. రంపపు కోతకి నోరు తెరుచుకుని ఉంటుంది, పెనెట్రెంట్ రంగు (పగులులోకి దిగి దాన్ని చూపించే ద్రవం) హాయిగా దిగుతుంది. నిజమైన ఫటీగ్ పగులు (లోహం పదేపదే వంగి అలసి పుట్టేది) బిగుసుకుపోయి ఉంటుంది. కోతలు దొరికాయని సంబరపడితే అందులో సగం సంబరం అబద్ధం. అందుకే పిల్లలు పాత గ్రైండర్ మోటారుకి ఎక్సెంట్రిక్ బిగించి, అల్యూమినియం పట్టీని అటూ ఇటూ వంచుతూ కోత చివర నుంచి అసలు పగులు పుట్టించారు. తర్వాత కోత ఉన్న అంచును మిల్లింగ్‌లో తీసేస్తే పగులు ఒక్కటే మిగిలింది. భూతద్దం కింద పెట్టినా పట్టీని కొంచెం వంచితే గానీ గీత కనబడదు. ఆ పట్టీనే స్పార్ ఫ్లాంజ్‌లో (స్పార్ స్కిన్‌కి కలిసే చదును అంచు) ఒక ముక్కగా రివెట్ చేశాం.

ఏ లోపం ఎక్కడుందో రాసిన కాగితం నా బీరువాలో. తాళం నా దగ్గరే.

మే చివర

ఎయిర్‌ఫోర్స్‌లో ఎన్‌డీటీ (వస్తువుని పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్ష) చేసి రిటైరైన పెద్దాయన ఒకరు సి క్యాంపులో ఉంటారు. మేమంతా సార్జెంట్ సార్ అంటాం. 'ఏ' పెట్టె చూడటానికి పిలిచాం. అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టి, నా వైపు చూశారు.

"ఏం నాయనా, దీంట్లో యాడ చూడాల? చెయ్యి పోదు, కన్ను పోదు. మూత యాడుంది?"

"మూత లేదు సార్. బరువు పెరుగుతుందని తీసేశాం."

"అట్లైతే లోపల ఏమున్నా నాకు సంబంధం ల్యా. బయట మటుకు చూసి సంతకం పెట్టిపోతా."

పిల్లలు నవ్వారు కానీ ఆయన నవ్వలేదు. ఎయిర్‌లైన్ మెయింటెనెన్స్ ప్లాన్‌లలో వాడే ఎంఎస్‌జీ-3 పద్ధతిలో చూపు తనిఖీకి మెట్లున్నాయి. చేతికందే దూరం నుంచి మామూలు వెలుతురులో చూసేది జనరల్ విజువల్. మంచి లైటు, అద్దం, అవసరమైతే భూతద్దంతో ఒక్కొక్క భాగాన్నీ పట్టి చూసేది డీటెయిల్డ్. అల్ట్రాసోనిక్ (శబ్దం పంపి తిరిగొచ్చేది చూసేది), ఎడ్డీ కరెంట్ (లోహంలో కరెంటు సుడులు పుట్టించి పగులు పట్టేది) లాంటి పరికరాలతో చేసేది స్పెషల్ డీటెయిల్డ్. మొదటి మెట్టుకే వీలు లేని పెట్టెని మేం చేసి పెట్టాం. నిజానికి 'ఏ' పెట్టె అలా ఉండాలనే చేసిందే. కానీ ఆయన మొహం చూశాక అది ఎంత మామూలుగా జరిగే పనో అర్థమైంది. ఆయన సర్వీసంతా ఇలాంటి పెట్టెలతోనే గడిచిందట.

జూన్

'ఏ' పెట్టె తనిఖీ అయింది. కాగితం చూడని జూనియర్ పిల్లలు, సార్జెంట్ సార్, వేరువేరుగా చేశారు. పెనెట్రెంట్ పని పొద్దున్నే పెట్టుకున్నాం. అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎమ్ ఈ1417 ప్రకారం లోహం వేడి 52 డిగ్రీలు దాటకూడదు. మన ఎండలో బయట పెట్టిన అల్యూమినియం రేకు మీద చెయ్యి పెట్టలేం. రంగు లోపలికి దిగేలోపే ఎండిపోతుంది.

బయటి స్కిన్ మీద రివెట్ రంధ్రాల దగ్గరి కోతలు అందరికీ దొరికాయి. కార్బన్ స్కిన్‌లో టెఫ్లాన్ ముక్కలు అల్ట్రాసోనిక్‌లో చాలావరకు బయటపడ్డాయి. నాణేంతో తట్టి వెతికిన పిల్లలకి మాత్రం పై పొరల్లో ఉన్నవే వినిపించాయి. కొత్త కుండని వేలితో కొట్టి చూసినట్టే ఇదీ, బాగున్న చోట ఖంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. ఎనిమిదో పొర కింద ఉన్న 6 మి.మీ. ముక్క ఆ శబ్దంలో తేడా తేదు.

దొరకనివి మూడు చోట్ల ఉన్నాయి.

మొదటిది, మా అసలు పగులు. స్కిన్ 1.6, దాని మీద స్పార్ ఫ్లాంజ్ 2.5, ఆ పైన బలం కోసం వేసిన పట్టీ 1.6. మూడు పొరల బొత్తి. పగులు మధ్య పొరలో ఉంది. బయట నుంచి ఎడ్డీ కరెంట్ ప్రోబ్ పెడితే ఈ మిశ్రమలోహంలో 100 కిలోహెర్ట్జ్ దగ్గర చూపు 0.4 మి.మీ. కూడా దిగదు. ఒక కిలోహెర్ట్జ్‌కి తగ్గిస్తే 4 మి.మీ. దగ్గరికి దిగుతుంది. అంటే మధ్య పొర చాలావరకు అందుతుంది. కానీ అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో చిన్న పగులు సిగ్నల్ రివెట్ సిగ్నల్‌లో కలిసిపోతుంది. పైగా రివెట్ వరసని అంచుకి సరిగ్గా రెండు వ్యాసాల దూరంలో పెట్టాం. బలం లెక్కకి అది చాలు. ప్రోబ్‌కి మాత్రం అంచు ఒక పక్క, రంధ్రం ఒక పక్క, రెండూ ఒకేసారి అరుస్తున్నాయి.

రెండోది, కార్బన్ స్కిన్ లోపలివైపు అతికించిన టోపీ ఆకారపు స్టిఫెనర్లు (స్కిన్ వంగకుండా ఆపే పట్టీలు). బయట నుంచి స్కిన్‌ని చూడొచ్చు, కానీ టోపీ గోడలు, లోపలి బోలు ఎటు నుంచీ అందవు. ఒకదాని గోడలో టెఫ్లాన్ పెట్టాం. అది అక్కడే ఉంది, ఎవరికీ తెలియకుండా.

మూడోదాని సంగతి జూలైలో రాస్తాను, దానికి వేరే ముక్క కోయాలి.

జూలై

'బి' పెట్టె డ్రాయింగు. ఈ నెలంతా దీని మీదే కూర్చున్నాం, వాదనలు కూడా గట్టిగానే జరిగాయి.

ముందు మూత. కింది స్కిన్‌లో చెయ్యి, అద్దం, టార్చి పట్టే రంధ్రం కావాలి. కింది స్కిన్ ఎగిరేటప్పుడు లాగుడులో ఉంటుంది, పగుళ్ళు పుట్టేది అక్కడే. అక్కడే రంధ్రం పెట్టడమా అని ఒకమ్మాయి నిలదీసింది. సరైన ప్రశ్నే. గుండ్రటి రంధ్రం అంచున ఒత్తిడి మామూలు కన్నా మూడింతలవుతుంది. అదే దీర్ఘవృత్తంగా చేసి పొడవు వైపుని రెక్క పొడవు దిశలో పెడితే తగ్గుతుంది. 150కి 100 మి.మీ. పెడితే 1 + 2×100/150, అంటే దాదాపు 2.33 ఇంతలు. దాన్ని కూడా స్పార్‌కి దూరంగా, రెక్క కొన వైపు, ఒత్తిడి తక్కువున్న చోటికి జరిపాం. రిబ్‌లలో బరువు తగ్గించే రంధ్రాలు ఎలాగూ ఉన్నాయి. వాటిని ఒకే వరసలోకి తెచ్చాం, కొన దగ్గర దూర్చిన బోరోస్కోప్ (సన్నని గొట్టం కెమెరా) మొదలుదాకా నేరుగా పోతుంది. దీనికి గ్రాము బరువు పెరగలేదు. రంధ్రాల కేంద్రాలు కలిపి గీస్తే చాలు, అయినా ఎవరూ గీయరు.

మూతకి ఎన్ని స్క్రూలు? బరువు మోసే మూత అయితే చుట్టూ దగ్గర దగ్గరగా ఇరవై పైన పెట్టాలి. సార్జెంట్ సార్ ఒకటే మాటన్నారు, "అన్ని స్క్రూలుంటే యెవుడు తీస్తాడబ్బీ?" అందుకని మూత బరువు మోయదు, ఆ బరువంతా రంధ్రం చుట్టూ వేసిన డబ్లర్ (బలం కోసం వేసే అదనపు రేకు) మోస్తుంది. మూతకి ఆరే స్క్రూలు, అవీ ఊడి లోపల పడకుండా మూతకే అంటిపెట్టుకునే రకం.

ఆ డబ్లర్ ఏ వైపు వెయ్యాలన్నది ఇంకో వాదన. బయట వేస్తే పని సులువు. కానీ నేను ఒప్పుకోలేదు. 2002 మే 25న తైవాన్ దగ్గర పెంఘు దీవుల పక్కన చైనా ఎయిర్‌లైన్స్ 611 గాల్లోనే ముక్కలైంది, 225 మంది పోయారు. ఆ బోయింగ్ 747 తోక 1980లో హాంకాంగ్‌లో రన్‌వేకి తగిలి గీసుకుపోయింది. గీతలు పడ్డ స్కిన్‌ని పూర్తిగా తీసేయకుండా దాని మీదే డబ్లర్ రేకు వేసి రివెట్ చేశారు. ఆ గీతల నుంచి పుట్టిన పగుళ్ళు డబ్లర్ కిందే ఇరవై రెండేళ్ళు పెరిగాయి. బయట నుంచి చూసినవాడికి కనిపించేది డబ్లర్ రేకే. రిపేరు తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ రేకు ఆ తప్పుని కప్పి కూర్చుంది. మా పెట్టెలో డబ్లర్ లోపలివైపు. చివరి రివెట్ వరస దగ్గర స్కిన్ పగిలితే ఆ పగులు బయటి మొహం మీదికే రావాలి. కన్నుకీ, ప్రోబ్‌కీ మధ్య ఇంకో రేకు ఉండకూడదు.

మూడు పొరల బొత్తి తీసేశాం. బలం కోసం వేసిన పట్టీ పీకేసి, ఫ్లాంజ్‌నే మందంగా మిల్లింగ్ చేయించాం. ఇప్పుడు రెండే పొరలు, స్కిన్ బయట నుంచి, ఫ్లాంజ్ మూతలోంచి. ఒకబ్బాయి పట్టుబట్టాడు, పట్టీ ఉంటే ఒకటి విరిగినా ఇంకోటి మోస్తుంది కదా సార్ అని. లుసాకాలో కూడా అలా మోసేది ఉండింది. నా మటుకు నాకు, తనిఖీలో అందని రెండో సభ్యాన్ని భద్రత లెక్కలో వేసుకోవడం ఇష్టం లేదు. అందే ఒక్కటే ఉంటే, పగులు నెమ్మదిగా పెరిగేలా ఒత్తిడి తగ్గించి, గడువు లెక్కకట్టొచ్చు. రివెట్ వరస కూడా ప్రోబ్ కూర్చునేంత లోపలికి జరిగింది.

టోపీల బదులు టీ ఆకారం స్టిఫెనర్లు. నిలువు రెక్కకి రెండు వైపులా గాలే, రెండు వైపులా ప్రోబ్ పెట్టొచ్చు. టోపీ మెలితిప్పుడుకి గట్టిది, టీ అంత కాదు. అందుకని ఒక స్టిఫెనర్ ఎక్కువ వేయాల్సొచ్చింది.

ఇప్పుడు మూడో చోటు. 'ఏ' పెట్టె చేసేటప్పుడు ఒక స్టిఫెనర్ పాదం (స్కిన్‌కి అతికే అంచు) కింద అతికించే ముందు, అచ్చుకి రాసే మైనం సన్నగా పూశాం. తనిఖీలో అందరూ బాగుందన్నారు. అల్ట్రాసోనిక్ తెర మీద వెనక గోడ సిగ్నల్ పక్కవాటికి మల్లేనే నిటారుగా నిలబడింది. ఆ ముక్క కోసి, బల్లకి బిగించి, పుట్టీ స్క్రేపర్ అంచుని సందులో పెట్టి నొక్కాను. పెద్దగా బలం కూడా పెట్టలేదు. పాదం మొత్తం పుటుక్కున లేచి వచ్చింది, అంటు మొహం అద్దంలా మెరుస్తోంది. ఎపాక్సీ తెగిన గరుకు ఎక్కడా లేదు. దీన్నే కిస్సింగ్ బాండ్ అంటారు. తాకి ఉంటుంది, అంటి ఉండదు. మామూలు పరికరాల్లో దేన్నీ నమ్మి ఇది లేదని చెప్పలేం. ఎఫ్‌ఏఏ సలహా పత్రం ఏసీ 20-107బి ఇలాంటి కీలకమైన అతుకులకి మూడు దార్లు చూపుతుంది. అతుకు ఎంతవరకు ఊడొచ్చో డిజైన్‌లోనే అడ్డుకట్ట వెయ్యాలి, లేదా ప్రతి భాగాన్నీ బరువు పెట్టి పరీక్షించాలి, లేదా అతుకు బలాన్ని కచ్చితంగా చెప్పగల ఎన్‌డీటీ పద్ధతి ఉండాలి. మూడోది చేతికి రాలేదు కాబట్టి మొదటిది పట్టుకున్నాం. స్టిఫెనర్ పాదాల మీద దూరదూరంగా ఫాస్టెనర్లు. రెండు ఫాస్టెనర్ల మధ్య అంటు మొత్తం ఊడినా పెట్టె పూర్తి బరువు మోయాలని లెక్క. ఇప్పటికి పరికరానికి అందనిది ఇదొక్కటే. దీన్ని వెతకడం మానేసి, అది ఉన్నా ఫర్వాలేకుండా చేశాం.

చిన్న మార్పులు ఇంకా ఉన్నాయి. లోపలంతా లేత రంగు ప్రైమర్ వేశాం, ముదురు పచ్చలో సన్న గీత కనబడి చావదు. సీలెంట్‌ని రివెట్ తలల మీద పులమకుండా అతుకు అంచునే ఉంచాం. కార్బన్‌కీ అల్యూమినియానికీ మధ్య ఒక గ్లాస్ పొర పెట్టాం, అది తనిఖీ కోసం కాదు, తుప్పు కోసం.

ఈ మధ్య షెడ్డుకి వచ్చినవాళ్ళు, లోపల కెమెరా పెట్టి ఏఐకి చూపిస్తే పోలా అంటున్నారు. కెమెరాకైనా దారి కావాలి కదా. దారి లేని చోట ఏఐకి చూపించేది చీకటే.

ఆగస్టు

'బి' తయారైంది. ఎండ తగ్గింది, ఎపాక్సీ మాట వింటోంది. మిల్లింగ్ చేసిన ఫ్లాంజ్ వంకర వచ్చిందని లేత్ షాపు భాయ్‌తో రెండు మాటలు, మళ్ళీ చేసిచ్చాడు. అంతకుమించి రాయడానికేం లేదు. అదే పొరలు, అదే రెసిన్‌తో ఒక మెట్ల బ్లాక్ కూడా పోశాం. ఏ మందంలో అల్ట్రాసోనిక్ సిగ్నల్ ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి సొంత నమూనా లేకపోతే ప్రోబ్ చెప్పేదంతా గాలి మాటే.

సెప్టెంబరు

'బి' తనిఖీ. అసలు పగులున్న పట్టీని ఇందులో కూడా ఫ్లాంజ్‌లో వేశాం. ఈసారి సార్జెంట్ సార్ మూత తీసి, అద్దం పెట్టి చూసి, పెన్సిల్ ప్రోబ్ ఒకసారి తిప్పి పగులు మీద మార్కర్‌తో గీత పెట్టారు. టీ తాగి కప్పు కింద పెట్టేలోపు అయిపోయింది. జూనియర్ పిల్లలకి ఎక్కువసేపు పట్టింది, అయినా దొరికింది. టీ స్టిఫెనర్ రెక్కలోని టెఫ్లాన్ అందరికీ దొరికింది.

దొరకనిది ఒకటి మిగిలింది. టీ మొదలు, నిలువు రెక్క స్కిన్‌ని కలిసే వంపు. అక్కడ వెనక గోడ సమంగా ఉండదు, వంపులో తగిలిన శబ్దం ఎటో పోతుంది. చదును ప్రోబ్ పెడితే సగం గాలిలోనే ఉంటుంది. వంపు వ్యాసార్ధం ఇప్పుడు 4 మి.మీ. దాన్ని 8కి పెంచి, ఆ వంపుకి సరిపోయే షూని 3డీ ప్రింట్ చేసి ప్రోబ్‌కి తొడగాలన్నది మా ఆలోచన. వంపు పెరిగితే మొదట్లో రెసిన్ నిండే సందు కూడా పెరుగుతుంది, దాంట్లో ఒత్తుగా కార్బన్ దారాలు నింపాలి, లేకపోతే పగులు అక్కడే పుడుతుంది. అచ్చు మళ్ళీ చేయాలి, ఆ ఖర్చు ఎవరిదన్నది ఇంకా తేలలేదు.

బరువు: 'ఏ' కన్నా 'బి' ఎక్కువే. రంధ్రం చుట్టూ డబ్లర్, అదనపు స్టిఫెనర్, ఫాస్టెనర్లు, మూడూ కలిసి పెంచాయి. పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులో దాన్ని చిన్నగా చూపిద్దామన్నారు. వద్దు, మొదటి పేజీలోనే పెట్టమన్నాను, పక్కనే ఏ లోపం ఏ పెట్టెలో ఎవరికి దొరికిందో ఆ పట్టిక. వైవాలో ఎగ్జామినర్ బరువు గురించే అడుగుతారు. అడిగితే బీరువాలోని కాగితం, ఆ ఊడిపోయిన స్టిఫెనర్ ముక్క, రెండూ బల్ల మీద పెట్టమని చెప్పాను.

అచ్చు డ్రాయింగు సోమవారం లేత్ షాపుకి పోవాలి.